బ్రిలియంట్ అనే మాట: మెరుపా, తెలివా, వైడూర్యమా?

ప్రశ్న సారాంశం ఇది. డిక్షనరీలో "బ్రిలియంట్"కి మొదటి అర్థం మిరుమిట్లు గొలిపేది అని ఉంటుంది. మనం మాత్రం తెలివైన కుర్రాడి గురించే ఆ మాట వాడతాం. రెండూ ఒకటే మాటా? ఇది మన వైడూర్యం నుంచి పుట్టిందని తిరుగుతున్న వాట్సాప్ పోస్టు నిజమేనా? తెలుగులోకి తెచ్చేటప్పుడు ఏ మాట వాడాలి?

రెండూ ఒకటే మాట. వైడూర్యం కథలో కొన్ని లంకెలు గట్టివి, ఒకటి బలహీనమైనది. ఆ పోస్టు రాసినవాళ్ళు బలహీనమైన లంకెను కూడా ఉక్కు గొలుసులా చూపించారు. ఒక్కో లంకె విడిగా పట్టుకుని చూద్దాం.

ఇంగ్లీషులోకి ఈ మాట 17వ శతాబ్ది చివర్లో ఫ్రెంచి నుంచి వచ్చింది. ఫ్రెంచిలో "బ్రియే" అంటే మెరవడం. దాని నుంచి వచ్చిన విశేషణం అంటే మెరుస్తున్నది అని. తెలుగులో "మెరిసే రాయి" అన్నప్పటి "మెరిసే" లాంటి రూపమన్నమాట. ఫ్రెంచి స్పెల్లింగులో రెండు ఎల్‌ల తరువాత నేరుగా ఏ వస్తుంది, మధ్యలో ఐ ఉండదు. ఆ రోజుల్లో ఫ్రెంచివాళ్ళు ఆ జంట ఎల్‌ను "ల్య" అని పలికేవాళ్ళు. ఆ యకారాన్ని పోనివ్వకుండా ఇంగ్లీషువాళ్ళు ఒక ఐ చేర్చుకున్నారు. తరువాత ఫ్రెంచిలో లకారమే జారిపోయి ఉత్త యకారం మిగిలింది, ఇంగ్లీషులో పాత పలుకుబడి నిలిచిపోయింది. పరీక్ష పేపర్లలో ఐ వదిలేసి రాసేవాళ్ళు తెలియకుండానే ఫ్రెంచి స్పెల్లింగు రాస్తున్నారు. ఒకే ఎల్ రాసేవాళ్ళకు ఆ సాకు కూడా లేదు.

ఫ్రెంచికి ఇది ఇటాలియన్ "బ్రిల్లారే" నుంచి అందింది. ఇక్కడిదాకా పేచీ లేదు. ఇటాలియన్ మాట ఎక్కడిది అన్న దగ్గర దారి రెండుగా చీలుతుంది.

మొదటి దారి లాటిన్ "బెరిల్లుస్", అంటే బెరిల్ అనే రాయి. బెరిల్‌లా మెరవడం అనే అర్థంలో క్రియ ఏర్పడి, బ-ర మధ్య ఉన్న ఎకారం పడిపోయి "బ్రిల్" అయిందంటారు. అచ్చు జారి రెండు హల్లులు అతుక్కోవడం తెలుగువాళ్ళకు వింతేమీ కాదు. తమిళంలో "మరం" అయిన చెట్టు మనకు "మ్రాను" అయింది కదా. ధ్వని పరంగా అడ్డులేదు, అర్థమూ కుదురుతుంది. లోటల్లా మధ్యలో ఉండాల్సిన లాటిన్ క్రియ రాతలో ఎక్కడా కనబడకపోవడమే.

రెండో దారిలో ఇది గిర్రున తిరగడాన్ని సూచించే ధ్వన్యనుకరణ మాట. ఇటాలియన్‌లో "ప్రిల్లారే" అంటే బొంగరంలా, కదురులా తిరగడం. ఇటాలియన్‌లో "బ్రిల్లారే"కు ఉన్న తక్కిన వాడుకలు చూస్తే ఈ వాదన కూడా తేలిగ్గా తీసిపారేసేది కాదనిపిస్తుంది. కాస్త మత్తెక్కినవాడిని "బ్రిల్లో" అంటారు, తల తిరుగుతున్నవాడన్నట్టు. పాలిష్ పట్టిన తెల్ల బియ్యాన్ని "బ్రిల్లాతో" అంటారు. మిల్లులో తిప్పినందుకా, తెల్లగా మెరిసినందుకా? ఎటైనా లాగవచ్చు.

నిఘంటువుల మొగ్గు ఎక్కువగా మొదటి దారి వైపే. కానీ వాటిలో "బహుశా" అనే మాట తప్పకుండా ఉంటుంది. వాట్సాప్ పోస్టు ఎగరగొట్టింది సరిగ్గా ఆ "బహుశా"నే.

బెరిల్ నుంచి వెనక్కి వెళ్ళేకొద్దీ నేల మళ్ళీ గట్టిపడుతుంది. లాటిన్‌కు ఈ మాట గ్రీకు "బేరుల్లోస్" నుంచి, గ్రీకుకు మన ప్రాకృతం నుంచి వెళ్ళింది. ప్రాకృతంలో "వేరులియ", పాళీలో "వేళురియ", సంస్కృతంలో వైడూర్యం. రేఫ, లకారం ఒకదాని చోట ఒకటి మారిన ప్రాకృత రూపమే గ్రీకు రూపానికి దగ్గర. అంటే ఈ మాట పండితుల సంస్కృతం నుంచి వెళ్ళలేదు, ఓడరేవుల్లో సరుకు బేరమాడినవాళ్ళ నోటి నుంచి వెళ్ళింది. సరుకుతో పాటు పేరూ ఓడెక్కింది. 1వ శతాబ్దిలో ప్లినీ అనే రోమన్ రచయిత తన ప్రకృతి చరిత్ర 37వ భాగంలో బెరిల్లు ఇండియాలో పుడతాయని, వేరేచోట అరుదని రాశాడు. పనివాళ్ళు వాటిని ఆరు పలకలుగా సానపడతారని, ఆ అంచుల నుంచి వెలుగు తిరిగివస్తేగాని రంగు మందంగానే ఉంటుందని కూడా అన్నాడు. స్ఫటికానికి రంగు వేసి బెరిల్ అని అంటగట్టే విద్య ఇండియావాళ్ళకు తెలుసని కూడా ఆయనే రాశాడు. నకిలీ రాళ్ళ వ్యాపారం వయసు రెండు వేల ఏళ్ళకు తక్కువ కాదన్నమాట. తమిళనాడులో కాంగేయం దగ్గరి పడియూర్ బెరిల్‌కు పేరుపడ్డ చోటు. ఆ కోయంబత్తూరు ప్రాంతంలోనే రోమన్ నాణేలు విరివిగా దొరికాయి.

సంస్కృత వైయాకరణులకు వైడూర్యం ఒక చిక్కుముడి. పాణిని 4.3.84 సూత్రంలో "విదూర" అనే ఊరిపేరు నుంచి ఈ మాటను సాధించాడు. పతంజలి మహాభాష్యంలో దానికి ఆక్షేపణ ఎత్తాడు: ఈ రాయి పుట్టేది వాలవాయ పర్వతంలో, విదూరలో జరిగేది సానపట్టడమే, మరి విదూరలో పుట్టిందని ఎలా అంటారు? అక్కడ చెప్పిన సమాధానాల్లో ఒకటి సరదాగా ఉంటుంది. వర్తకులు వారణాసిని "జిత్వరి" అని పిలుచుకున్నట్టే, వాలవాయాన్నే వైయాకరణులు విదూర అంటారనుకోమన్నాడు. మనకు కావలసిన ముక్క వేరు. మాటను ఊరిపేరుకు ముడిపెట్టాలని ఆనాడే ప్రయత్నించారు, అప్పటికే అది సరిగా అతకలేదు. పరాయి మాటను సంస్కృతంలోకి తెచ్చి వ్యుత్పత్తి తొడిగినప్పుడు ఇలాంటి అతుకులే కనబడతాయి.

అందుకే చాలామంది భాషావేత్తలు దీని మూలాన్ని ద్రావిడ భాషల్లో వెతికారు. వేలూరు లేదా బేలూరు అనే ఊరిపేరు కావచ్చన్నది ఒక ప్రతిపాదన. వ-బ తేడా ఆశ్చర్యం కాదు. మన వెండి కన్నడంలో బెళ్ళి, మన వేప అక్కడ బేవు. తెలుపును, వెలుగును తెలిపే ద్రావిడ ధాతువు "వెళ్" నుంచి వచ్చిందన్నది ఇంకో ఊహ. వెల్ల, వెండి, వెన్నెల, వెలుగు, వెలవెలబోవడం అన్నీ ఆ కుదురువే. అలాగైతే బ్రిలియంట్, వెలుగు దూరపు చుట్టాలని చెప్పాలని ఎవరికైనా నోరూరుతుంది. చెప్పకండి. ఇటాలియన్ దగ్గర ఒక "బహుశా", ద్రావిడం దగ్గర ఇంకో "బహుశా". రెండు బహుశాలను గుణిస్తే వచ్చేది ఇంకా చిన్న బహుశా. నిక్కచ్చిగా రాయాలంటే ఇలా రాయండి: "బ్రిలియంట్ ఇటాలియన్ నుంచి వచ్చింది. అది బెరిల్ పేరు మీద ఏర్పడి ఉండవచ్చు. బెరిల్ పేరు మాత్రం భారతదేశం నుంచి వెళ్ళినదే."

ఇంకో పొరపాటు. ఆ పోస్టుకు తగిలించిన ఫోటోలో ఉన్నది పిల్లికన్ను రాయి. నగల దుకాణంలో వైడూర్యం అడిగితే ఇచ్చేది, నవరత్నాల్లో కేతువుకు పెట్టేది అదే. అది క్రిసోబెరిల్. పేరులో బెరిల్ ఉన్నా బెరిల్ కాదు, వేరే ఖనిజం. బెరిల్‌లో బెరీలియం, అల్యూమినియంతో పాటు సిలికా ఉంటుంది, స్ఫటికం ఆరు పలకల కడ్డీలా పెరుగుతుంది, గట్టితనం మోస్ కొలతలో 7.5 నుంచి 8. క్రిసోబెరిల్‌లో సిలికా లేదు, గట్టితనం 8.5. వైడూర్యం అనే పేరు శతాబ్దాల్లో ఒక రాయి మీది నుంచి ఇంకో రాయి మీదికి జరిగింది. తమాషా ఏమిటంటే నవరత్నాల్లో అసలైన బెరిల్ మరకతం, అంటే మన పచ్చ. నెల్లూరు దగ్గరి గూడూరు వైపు అభ్రకం గనుల రాళ్ళలోనూ బెరిల్ ఉంది, కాకపోతే అది నగకు పనికొచ్చే రకం కాదు, ఖనిజంగా తవ్వుకునేది.

బెరిల్ పేరు మీద ఏ సందేహమూ లేకుండా ఏర్పడ్డ మాటలు రెండు చెబుతాను. జర్మన్‌లో కళ్ళజోడును "బ్రిల్లె" అంటారు. తొలినాళ్ళలో చదువుకోవడానికి వాడిన అద్దాలను బెరిల్ వంటి తేటరాళ్ళతో చేసేవాళ్ళు, ఆ పేరు ఉండిపోయింది. రెండోది బెరీలియం. 1798లో వోక్‌లాఁ అనే ఫ్రెంచి రసాయనవేత్త బెరిల్‌లో, పచ్చలో ఒకే కొత్త మూలకం ఉందని తేల్చాడు. పరమాణు సంఖ్య 4. దాని లవణాలు తియ్యగా ఉంటాయని కొంతకాలం గ్లూసినియం అని కూడా పిలిచారు. విషం కాబట్టి ఆ రుచి పరీక్ష ఇప్పుడెవరూ చెయ్యరు. అంధుల లిపి బ్రెయిలీకి వీటితో ఏ సంబంధమూ లేదు, అది లూయీ బ్రెయిల్ ఇంటిపేరు.

"బ్రైట్", "బ్రిలియంట్" అక్కచెల్లెళ్ళని అనుకునేవాళ్ళు చాలామంది. కావు. బ్రైట్ అచ్చమైన ఇంగ్లీషు మాట, పాతరూపం "బెయోర్త్". దీనికి సంస్కృతంలో చుట్టం ఉంది, అదీ బహుశా అనే పని లేకుండా: "భ్రాజ్" ధాతువు. విష్ణు సహస్రనామంలో "భ్రాజిష్ణుర్భోజనం భోక్తా" అని రోజూ చదివేవాళ్ళు బ్రైట్ అన్న మాటకు జ్ఞాతిని పలుకుతున్నట్టే. భూర్జపత్రాల భూర్జ వృక్షం, ఇంగ్లీషు "బర్చ్" చెట్టు కూడా ఆ కుదురువే. తెల్లగా మెరిసే బెరడు చూసి పెట్టిన పేర్లు. ఆల్బర్ట్, రాబర్ట్, హెర్బర్ట్ పేర్ల చివరి "బర్ట్" కూడా ఇదే బ్రైట్. వాట్సాప్‌లో పంచుకోవాలంటే నిజానికి ఇదే గట్టి కథ.

ఇక అర్థం సంగతి. బ్రిలియంట్ అంటే దీపంలా నిలకడగా వెలగడం కాదు. పలకల మీద పడ్డ వెలుగు తిరిగివచ్చి కంటిని తాకడం. ఇది తెలియాలంటే వజ్రాల పనివాళ్ళ వాడుక చూడాలి, ఎందుకంటే అక్కడ ఈ మాటకు కొలతలున్నాయి. 17వ శతాబ్ది నుంచే ఒక రకం సానకు ఇది పేరు. ఇప్పటి గుండ్రని బ్రిలియంట్ కట్‌లో 57 పలకలుంటాయి: పైన ఒక బల్లపలక, దాని చుట్టూ 8 నక్షత్ర పలకలు, 8 గాలిపటం పలకలు, నడుము (రాయి బాగా వెడల్పుగా ఉండే అంచు) పైన 16. నడుము కింద 16, అడుగున 8 పెద్దవి. అడుగు మొనను కూడా చిదిమితే 58. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఇంజనీరు లెక్కగట్టిన ప్రమాణం ప్రకారం పై వాలు 34.5 డిగ్రీలు, కింది వాలు 40.75 డిగ్రీలు, బల్లపలక మొత్తం వెడల్పులో 53 శాతం.

ఈ అంకెలు ఎందుకంటే వజ్రం వక్రీభవన గుణకం, అంటే వెలుగును వంచే శక్తికి కొలత, 2.417; సందిగ్ధ కోణం సుమారు 24.4 డిగ్రీలు. లోపలి నుంచి పలకను అంతకన్నా ఏటవాలుగా తాకిన కిరణం బయటికి పోలేక వెనక్కి తిరుగుతుంది. కింది వాలు సరిగ్గా ఉంటే పైనుంచి దిగిన కిరణం ఒక పక్క తగిలి, ఎదుటి పక్కకు వెళ్ళి తగిలి, మళ్ళీ పైకే వస్తుంది. వాలు మరీ తక్కువైతే నడుము అంచు బల్లపలకలో తెల్లటి వలయంలా కనబడుతుంది, దాన్ని చేపకన్ను అంటారు. మరీ ఎక్కువైతే నడిమధ్య నల్లగా కనబడుతుంది, దానికి మేకుతల అని పేరు. ఈ వృత్తిలో మూడు మాటలు కలపకుండా వాడతారు. తిరిగివచ్చే తెల్లని వెలుగు బ్రిలియన్స్. రంగులుగా విడిపోయేది ఫైర్. రాయిని కదిపితే తళుక్కుమనేది సింటిలేషన్. దుకాణంలో పైనుంచి కొట్టే చిన్న స్పాట్ లైట్లు చివరి రెంటినీ పెంచి చూపిస్తాయి. బ్రిలియన్స్ తెలియాలంటే రాయిని గుమ్మం దగ్గరికి, ఎండ నేరుగా పడని నీడ వెలుగులోకి తెచ్చి చూడాలి.

కొన్న నగ కొన్నాళ్ళకు మందగించిందంటే రాయి పాడైనట్టు కాదు. అడుగున చేతి జిడ్డు, సబ్బు పేరుకున్నట్టు. గాలికి బదులు నూనెపొర అంటుకుంటే సందిగ్ధ కోణం 24 నుంచి 38 డిగ్రీల దాకా పెరుగుతుంది, తిరిగిరావలసిన కిరణాల్లో చాలా భాగం అడుగు నుంచి జారిపోతుంది. గోరువెచ్చని నీళ్ళు, కొద్దిగా లిక్విడ్ సబ్బు, మెత్తని బ్రష్షు చాలు. తుడవాల్సింది పైన కాదు, అడుగున.

ఈ మాట మన నేలను నిజంగా తాకేది కూడా ఇక్కడే. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన 410 కారట్ల ముడిరాయిని మద్రాసు గవర్నరు థామస్ పిట్ కొన్నాడు. 1704 నుంచి 1706 వరకు లండన్‌లో బ్రిలియంట్‌గా సానపడితే 140.64 కారట్లు మిగిలింది. అదే రీజెంట్ వజ్రం, ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. కోహినూర్‌ను 1851 లండన్ ప్రదర్శనలో చూసిన జనం పెదవి విరిచారు, గాజుముక్కలా ఉందన్నారు. మొఘలుల కాలపు సాన బరువును కాపాడేది, వెలుగును తిప్పేది కాదు. 1852లో ఆమ్‌స్టర్‌డామ్ పనివాళ్ళను పిలిపించి దాన్ని అండాకారపు బ్రిలియంట్‌గా మార్చారు. సుమారు 191 కారట్లున్నది 105.6 కారట్లకు దిగింది. మెరుపు కోసం దాదాపు సగం రాయి పొడైపోయింది. ఆ పని దగ్గరుండి చేయించింది విక్టోరియా రాణిగారి భర్త ఆల్బర్ట్.

ఇలా పలకల మెరుపు నుంచి మాటకారితనానికి, అక్కడి నుంచి తెలివికి అర్థం నడిచింది. అందుకే బ్రిలియంట్ అనే తెలివిలో తళుక్కుమని బయటపడే గుణం ఉండాలి. నిదానంగా, లోతుగా, ఎవరికీ కనబడకుండా ఆలోచించేవాడికి ఇంగ్లీషులో వేరే మాటలున్నాయి. చదరంగంలోనూ అంతే. బలమైన ఎత్తులన్నీ బ్రిలియంట్ కావు. ఎవరూ ఊహించని బలితో ఆట తిప్పేసే ఎత్తుకే ఆ పేరు, పక్కన రెండు ఆశ్చర్యార్థకాలు పెడతారు.

అనువాదానికి వద్దాం. ఎక్కడ బ్రిలియంట్ కనబడినా "ప్రకాశవంతమైన" అని దించేయడం పెద్ద జబ్బు. మెరుపుకు తెలుగులో ఉన్నన్ని జంటమాటలు ఇంగ్లీషుకు లేవు, వాటిని వాడుకోకపోతే ఎలా? తోమిన ఇత్తడి బిందె తళతళ. బంగారం, రవ్వల నగ ధగధగ. నూనె రాసిన జుట్టు, లేత వంకాయ నిగనిగ. చుక్కలు మిలమిల. కళ్ళు చెదిరే దీపాల వెలుగు మిరుమిట్లు. వీటిలో బ్రిలియంట్‌కు దగ్గరివి ధగధగ, మిరుమిట్లు. నిగనిగ ఎన్నటికీ కాదు, అది నూనెపట్టు మెరుపు.

ఎండ విషయంలో ఒక మెలిక ఉంది. ఇంగ్లాండులో రాసినవాడు "బ్రిలియంట్ సన్‌షైన్" అంటే సంతోషపడుతున్నాడని అర్థం. దాన్ని "మాడ్చేసే ఎండ" అంటే కథ తలకిందులవుతుంది. "చక్కగా ఎండ కాసింది" అంటే సరిపోతుంది.

మనిషి గురించైతే "మెరికలాంటి కుర్రాడు" సిద్ధంగా ఉంది. బుర్ర గురించైతే "పాదరసం". కీర్తి గురించి, అదీ ముగిసిపోయిన దశ గురించి అయితే "ఒక వెలుగు వెలిగాడు" అనడాన్ని మించిన మాట లేదు. ఆలోచన గురించైతే "భలే" చాలు. "అద్భుతమైన ప్రతిభాపాటవాలు గల" లాంటి సన్మానపత్రం భాష దేనికీ వద్దు.

రంగుల పేర్లలో ఉంటే అనువదించనే వద్దు. మిఠాయిల్లో, శీతల పానీయాల్లో వాడే "బ్రిలియంట్ బ్లూ ఎఫ్‌సీఎఫ్" మన దేశంలో అనుమతి ఉన్న ఆహారపు రంగు, నంబరు 133. ప్రయోగశాలలో ప్రొటీన్లకు పట్టించే "కూమాసీ బ్రిలియంట్ బ్లూ" ఇంకో రంగు. రెండింటినీ "ప్రకాశించే నీలం" అని రాస్తే ఏది ఏదో లేబుల్ చదివేవాడికి అంతుపట్టదు.

చివరిది బ్రిటన్‌లో పనిచేసే మనవాళ్ళ కోసం. అమెరికన్ "బ్రిలియంట్" అంటే నిజంగా మెచ్చుకున్నట్టే. బ్రిటిష్ మేనేజరు మీ టైమ్‌షీట్ అందగానే "బ్రిలియంట్, థాంక్స్" అని మెయిల్ పెడితే అది "సరే, అందింది" మాత్రమే. అప్రైజల్ ఫారంలో దాన్ని ఉటంకించకండి. రైలు రద్దయిందని బోర్డు మీద పడగానే పక్కనున్నవాడు చప్పగా, దించిన గొంతుతో "ఓ, బ్రిలియంట్" అన్నాడా, తెలుగులో దానికి సరైన మాట "బాగానే అఘోరించింది".